గొట్టంలో గాలి

టైరు లోపల చెయ్యి పెట్టి తడిమితే నల్లటి పొడి తగిలింది. హల్వార్ ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి లైటు దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. కాఫీ పొడిలా ఉంది. గాలి తగ్గిన టైరు బండి బరువు కింద నలిగి, లోపలి గోడలు ఒరుసుకుని రాలిన రబ్బరు అది. ఇంత రాలాలంటే ఆ చక్రం మెత్తబడ్డాక పది కిలోమీటర్లయినా పరిగెత్తి ఉండాలి.

టైరుని బల్లమీద తిప్పుతూ మేకుల వరసల మధ్య వెతికాడు. మంచు మీద పట్టు కోసం దిగ్గొట్టిన ఆ చిన్న మేకుల మధ్య వాటిలాంటిదే ఒక తల, కాస్త పెద్దది, మెరుస్తోంది. పట్టకారుతో లాగితే రెండంగుళాల మర వచ్చింది. ఇంటికప్పు రేకులకి బిగించే మర. దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని కాసేపు అలాగే నించున్నాడు.

వెనక జాకీ మీద గుడ్రున్ టాక్సీ ఉంది. మధ్యాహ్నం మూడింటికి సరస్సు మలుపులో జారి మంచుగట్టులోకి దూసుకుపోయిందట. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. లాగుడు బండి వాడు దాన్ని ఇక్కడ దింపి వెళ్ళి గంటయింది. ముందు బంపరులో కూరుకున్న మంచు ఇప్పుడిప్పుడే కరిగి షెడ్డు నేలమీద మడుగు కడుతోంది.

హల్వార్ డిక్కీ తెరిచాడు. చక్రాల కుర్చీని, మడతపెట్టిన దుప్పటిని పక్కకి జరిపాడు. కింద మోచెయ్యంత పొడుగున్న బూడిదరంగు నీళ్ళగొట్టం ఉంది. రెండు కొసలకీ మూతలు. ఒక మూతలో వాల్వు. ఆ వాల్వుకి గేజీ పెట్టి నొక్కాడు. ముల్లు మూడుకి కాస్త ఇవతల ఆగింది. పోయిన ఏడాది తను కొట్టిన గాలి కొట్టినట్టే ఉంది.

నాలుగు చక్రాల్లో ఉండాల్సిన నాలుగు సెన్సార్లు ఆ గొట్టంలో ఉన్నాయి. బొటనవేలంత ఉంటాయి. తమ చుట్టూ ఎంత గాలి ఉందో కారుకి ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటాయి. గొట్టం నిండుగా ఉంది కాబట్టి నాలుగు చక్రాలూ నిండుగా ఉన్నాయనే చెబుతున్నాయి. హల్వార్ తాళంచెవి తిప్పి చూశాడు. డాష్‌బోర్డు మీద, గాలి తగ్గితే వెలగాల్సిన పసుపు దీపం వెలగలేదు.

"కాఫీ ఉందా, నాలాగే చల్లారిపోయిందా?" అంటూ గుడ్రున్ లోపలికొచ్చింది. కుడి మణికట్టుకి గుడ్డ చుట్టుకుంది. బూట్లు విదిలించి పొయ్యి పక్కన పెట్టి, మేజోళ్ళతోనే నడుచుకుంటూ వచ్చి మూల కుర్చీలో కూచుంది.

"ఉంది. చెయ్యి?"

"ఏం లేదు, బెణికింది. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. ఊరికే చుట్టాను, ఎవరైనా అడిగితే చూపించడానికి."

"ఎవర్ట్ ఎలా ఉన్నాడు?"

"ఇంట్లో పడుకోబెట్టి వచ్చాను. ఆ మంచుగుట్టలో నలభై నిమిషాలు కూచున్నాం. ఒక్క మాట అనలేదు ముసలాడు. డయాలిసిస్ అయిన రోజు ఎలాగూ మాట్లాడడు కదా. నేనే వాగుతూ ఉన్నాను, పాటలు కూడా పాడాను. బహుశా దానికే ఎక్కువ భయపడి ఉంటాడు."

హల్వార్ కాఫీ పోసి ఇచ్చాడు. ఆ మరని బల్లమీద పెట్టాడు. గుడ్రున్ దాన్ని చూసింది, గొట్టాన్నీ చూసింది.

"స్తూరె వచ్చాడు," అంది. రోగుల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళే టాక్సీలన్నిటినీ పట్నంలో కూచుని నడిపేది స్తూరె. "లాగుడు బండి వెనకే వచ్చాడు. ఏదో యంత్రం తెచ్చి కారుకి తగిలించి చదివాడు. గాలి సరిగ్గా ఉందని నీ కారే చెబుతోంది, మరి నువ్వెలా జారావు గుడ్రున్ అన్నాడు."

"టైరు కూచుండిపోయింది కదా. చూడలేదా?"

"గట్టుకి కొట్టుకున్నప్పుడే గాలి పోయిందన్నాడు. నిద్రపోయావా అనడిగాడు. ఫోను చూస్తున్నావా అనడిగాడు. ముప్ఫై ఏళ్ళ పిల్లని అడిగినట్టు. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు."

"తర్వాత?"

"శుక్రవారం తేలుస్తాడట. అందాకా ఎవర్ట్‌ని పట్నం డ్రైవరు వచ్చి తీసుకెళ్తాడు. ఆ తర్వాతా వాడే తీసుకెళ్తాడేమో." గుడ్రున్ కప్పుని రెండు చేతుల మధ్య తిప్పింది. "వారానికి ఆ మూడు రోజుల పనీ లేకపోతే ఈ ఊళ్ళో టాక్సీ ఎందుకు, నేనెందుకు? ఇంటికి తాళం పెట్టి పట్నంలో మా చెల్లెలి సోఫా మీద పడుకోవాలి."

"నేను వెళ్ళి చెబుతాను."

"ఏమని?"

"గొట్టం సంగతి."

"చెబితే?" ఆమె గొంతు పెరగలేదు. "కార్లు తనిఖీ చేసేవాళ్ళని మోసం చేసి, ఆ కార్లోనే రోగుల్ని తిప్పిందని నా లైసెన్సే లాక్కుంటారు. ఇప్పుడైతే ఒక్క పనే పోతుంది. ఇంకా సీవ్ టీచరు కారుంది, యెర్కెర్ కారుంది. మొత్తం పదకొండు. అందరి డిక్కీలూ తెరిపిస్తావా?"

హల్వార్ డిక్కీ మూసేశాడు. ఆ పదకొండు గొట్టాలూ తను కోసినవే. చలికాలపు చక్రాలకి సెన్సార్లు లేక దీపం వెలిగి, తనిఖీలో కారు తప్పి వచ్చిన ప్రతివాళ్ళూ ఈ కుర్చీలోనే కూచుని తలపట్టుకున్నారు. నాలుగు టైర్లూ విప్పి సెన్సార్లు బిగించాలంటే రెండు గంటలు; గొట్టమైతే అరగంట పని.

"నిన్ననడం లేదు," అంది గుడ్రున్. "మర్నాడు తనిఖీ పెట్టుకుని నీ కాళ్ళు పట్టుకున్నది నేనే."

"కాళ్ళు పట్టుకోలేదు. కేకు పట్టుకొచ్చావు."

"అది మాడిపోయింది కూడా." ఆమె నవ్వి లేచి కప్పు కడిగి బోర్లించింది. బూట్లు వేసుకుంటూ, అతనివైపు చూడకుండా అంది: "వెనకటికి రోజూ పొద్దున్నే నాలుగు టైర్లనీ కాలితో తన్ని చూసేదాన్ని. ఆ దీపం వచ్చాక మానేశాను. అది గుడ్డిదని తెలిసి కూడా మళ్ళీ మొదలెట్టలేదు. తప్పు నాదే హల్వార్. నువ్వు నోరు తెరవకు."

*

బుధవారం మధ్యాహ్నం హల్వార్ ఎవర్ట్ ఇంటికి వెళ్ళాడు. ముసలాడి టోపీ టాక్సీలో ముందు సీటు కింద దొరికింది, అదొక వంక. తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్ళి, వసారాలో పేర్చి ఉన్న కట్టెల్లో ఒక చేతికి పట్టినన్ని తీసుకుని పొయ్యి దగ్గర పెట్టాడు.

ఎవర్ట్ వంటింట్లో కిటికీ పక్కన కూచుని ఉన్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ళు. ఎడమ చేతికి కట్టు. భుజాలు ఇంకా దూలంలా ఉన్నాయి కానీ చొక్కా వాటిమీద వేలాడుతోంది. ముప్ఫై నాలుగేళ్ళు అడవిలోంచి దుంగల లారీ తోలిన మనిషి.

"టోపీ కోసం ఇంత దూరం వచ్చావా?"

"చలి మైనస్ ఇరవై దాటింది. చెవులు రాలిపోతాయని."

"రాలితే రాలనీ. వినాల్సిందంతా విన్నాను. కూచో."

లేచి కాఫీ పెట్టాడు. హల్వార్‌కి పెద్ద కప్పులో పోసి, అందులో వేసుకోవడానికి చీజు ముక్కల గిన్నె ముందుకు తోశాడు. తనకి మాత్రం గుడ్డు నిలబెట్టుకునే చిన్న గిన్నెలో పోసుకున్నాడు. రోజంతటికీ తాగడానికి డాక్టరు అనుమతించిన నీళ్ళు కిటికీ గట్టు మీద ఒక సీసాలో ఉన్నాయి. ఆ సీసాలోంచి కాఫీ పోసుకున్నంత నీళ్ళని సింకులో పారబోసి లెక్క సరిచేశాడు. చీజు అతను తినకూడదు. అయినా ఇంట్లో పెట్టుకుంటాడు, వచ్చేవాళ్ళ కోసం.

"రేపు ఆ పట్నం కుర్రాడు వస్తాడట," అన్నాడు ఎవర్ట్. "బయట హారను కొడతాడు. గుడ్రున్ అయితే లోపలికొచ్చి బూట్ల తాళ్ళు కట్టేది. వంగితే నాకు కళ్ళు తిరుగుతాయి."

"ఆమె పని పోతుందేమో."

"తెలుసు."

కాసేపు ఇద్దరూ కిటికీలోంచి చూశారు. పిట్టలకి వేలాడదీసిన కొవ్వు ఉండని ఒక చిన్న పిట్ట తలకిందులుగా వేలాడుతూ పొడుస్తోంది.

"నాకు ముందే తెలిసింది," అన్నాడు ఎవర్ట్.

"ఏది?"

"చక్రం. కుడి వెనకది. రంపం మిల్లు దాటగానే తెలిసింది. బండి వెనక నడుము కాస్త ఊగింది. నిండు బరువు లారీకి అరవై ఏళ్ళ కిందట ఊగినా తెలిసేది, నిన్నా తెలిసింది. నా పిరుదులకి ఇంకా ముసలితనం రాలేదు." నవ్వబోయి మానేశాడు. "చెప్పలేదు."

హల్వార్ కప్పు కింద పెట్టాడు.

"ఎందుకు చెప్పలేదని అడుగు."

"ఎందుకు?"

"దీపం ఉంది కదా అనుకున్నాను. అది వెలగలేదు. యంత్రం బాగుందంటుంటే కాదనడానికి నేనెవణ్ణి? ముసలాడి భ్రమ అనుకుంటుంది అనుకున్నాను." గుడ్డు గిన్నె ఎత్తి పెదాలు తడుపుకున్నాడు. "అదొక్కటే కాదు. చెబితే ఆపుతుంది. ఆ చలిలో దిగి చూస్తుంది, నీకు ఫోను చేస్తుంది, గంట పడుతుంది. నాకు నా మంచం కావాలి. ఆ డయాలిసిస్ యంత్రం నుంచి లేచాక మనిషికి మంచం తప్ప ఇంకేం అక్కర్లేదు హల్వార్. నా మంచం కోసం ఆ పిల్లని చంపేసేవాణ్ణి."

గుడ్రున్‌కి యాభై ఆరేళ్ళు. ఎవర్ట్ ఆమెని ఆ పిల్ల అనే అంటాడు.

హల్వార్ చీజు గిన్నెని పక్కకి జరిపాడు. గుడ్రున్ వద్దంది. కానీ ఎదురుగా ఉన్న మనిషి మీద పడ్డ బరువు తనది. "ఎవర్ట్, ఆ దీపం వెలగదు," అన్నాడు. "దానికి చక్రాలు కనబడవు. సెన్సార్లు చక్రాల్లో లేవు. ఒక గొట్టంలో పెట్టి, గాలి నింపి, డిక్కీలో పడేశాను. నేనే."

ఎవర్ట్ గుడ్డు గిన్నె కింద పెట్టాడు.

"గొట్టంలో?"

"నీళ్ళగొట్టంలో."

"అంటే నేను ఆ గొట్టం మాట నమ్మి నోరు మూసుకున్నానన్నమాట." ఈసారి నవ్వు వచ్చింది, దగ్గు కూడా వచ్చింది. దగ్గు తగ్గాక అడిగాడు: "తెలిస్తే ఏం చేస్తారు?"

"ఆమె లైసెన్సు పోవచ్చు. నా షెడ్డుకి తాళం పడొచ్చు. అయినా శుక్రవారం వెళ్ళి చెప్పేస్తాను. ఆమె చెయ్యని తప్పు ఆమె మీద వేసి, నిద్రపోయిందంటున్నారు. ఆ గొట్టం పెట్టింది నేనే, ఆమెకి దాని సంగతి తెలీదని చెబుతాను."

"తెలీదంటే నమ్ముతారా?"

"ఏమో."

ఎవర్ట్ ఊపిరి లోపలికి పీల్చి, పెదాల మధ్య చిన్న చప్పుడు చేశాడు. ఇక్కడివాళ్ళు ఔననడానికి చేసే చప్పుడు. అయితే అది ఔననడమో, విన్నాననడమో హల్వార్‌కి అర్థం కాలేదు.

*

శుక్రవారం పొద్దున హల్వార్ గొట్టాన్ని పాత తువ్వాలులో చుట్టి తన వ్యాను ముందు సీట్లో పెట్టుకుని పట్నం వెళ్ళాడు. దార్లో సరస్సు మలుపులో గుడ్రున్ కారు దూసుకెళ్ళిన చోట గట్టు ఇంకా విరిగే ఉంది. ఏం చెప్పాలో తొంభై కిలోమీటర్లూ మనసులో చెప్పుకుంటూ వెళ్ళాడు. మొదటి వాక్యం చాలాసార్లు మార్చాడు.

స్తూరె ఆఫీసు బస్టాండు పైన ఒక గది. రెండు తెరలు, మూడు ఫోన్లు, కిటికీలో ఎండిపోతున్న మొక్క. నలభై ఐదేళ్ళ మనిషి, కళ్ళకింద సంచులు. హల్వార్‌ని చూసి చెవికున్న ఫోను తీసేశాడు.

"టైర్లవాడివి, ఇక్కడేం చేస్తున్నావు? అందరూ నీ దగ్గర వరస కట్టే రోజులు కదా ఇవి."

"గుడ్రున్ సంగతి మాట్లాడదామని."

"అదా. అది అయిపోయింది."

హల్వార్ తలుపు దగ్గరనుంచి ముందుకొచ్చాడు. గొట్టం ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూచున్నాడు. "అయిపోయిందంటే?"

"నిన్న ఎవర్ట్ వచ్చాడు. డయాలిసిస్ అయ్యాక, డ్రైవరుని ఇక్కడ ఆపించి, ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. సగం మెట్ల మీద కూచుండిపోతే నేనే వెళ్ళి చెయ్యిచ్చాను. మొహం గోడ సున్నంలా ఉంది." స్తూరె కాగితం ఒకటి తీసి చూశాడు. "మలుపులో రెయిన్‌డీర్ అడ్డం వచ్చిందట. గుడ్రున్ చూసి నెమ్మది చేసిందట కూడా. ఈయనే కంగారుపడి స్టీరింగు పట్టుకుని లాగాడట. పాత డ్రైవర్లకి అది మామూలే, చేతులు ఆగవు. సిగ్గుపడి ఆమె ముందు చెప్పలేదట. నా ముందు సంతకం పెట్టాడు."

ఎవర్ట్ ఆ కాగితం మీద పెట్టిన సంతకం హల్వార్‌కి తలకిందులుగా కనబడింది. పెద్ద అక్షరాలు, చివర్న కిందికి జారిపోయాయి.

"అంటే గుడ్రున్..."

"మంగళవారం నుంచి మామూలుగా తోలుకోవచ్చు. ఆయన మాత్రం ఇకనుంచి వెనక సీట్లోనే కూచోవాలి. స్టీరింగు లాగే మనిషిని ముందు కూచోబెడితే రేపు నా ఉద్యోగం పోతుంది. అదే చెప్పాను. సరేనన్నాడు. కాస్త ఆలోచించాడు, తర్వాత సరేనన్నాడు."

వెనక సీట్లో కూచుంటే ఎవర్ట్‌కి కడుపులో తిప్పుతుందని ఊరంతటికీ తెలుసు. అదీగాక వారానికి మూడుసార్లు ఆ రోడ్డు ముందు సీట్లోంచి చూడటం కోసమే అతను ఆసుపత్రికి వెళ్తాడని గుడ్రున్ అంటుంది. ప్రతి మలుపు దగ్గరా గేరు మార్చే చెయ్యి కాస్త కదులుతుందట.

హల్వార్ తువ్వాలు అంచు పట్టుకున్నాడు. "స్తూరె, నేనొకటి చెప్పడానికి వచ్చాను."

స్తూరె చూపు ఆ తువ్వాలు మీద పడింది. ఒక కొసన బూడిదరంగు మూత, దానికి వాల్వు కనబడుతున్నాయి. అతను దాన్ని చూశాడు. ఒక్క క్షణం కంటే ఎక్కువే చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, ఎండిన ఆకు ఒకటి తుంచాడు.

"నువ్వేం చెప్పినా నేను రాసుకోవాలి హల్వార్. రాసుకుంటే పైకి పంపాలి. పంపితే నిన్న ఎవర్ట్ చెప్పింది అబద్ధమో కాదో వాళ్ళు చూస్తారు. ఆయన్ని మళ్ళీ ఆ మెట్లు ఎక్కిస్తారు." ఆకుని చెత్తబుట్టలో వేశాడు. "అందుకని, చెప్పేముందు ఒకసారి ఆలోచించుకో. ఎవర్ట్‌ని ఎక్కించే ముందు ఆ కారు సంగతి చూడటానికి నీకు నాలుగు రోజుల టైముంది. అన్ని కార్ల సంగతీ."

ఫోను మోగింది. స్తూరె దాన్ని ఎత్తి ఎవరో రోగి చిరునామా రాసుకోవడం మొదలెట్టాడు. హల్వార్ ఇంకో నిమిషం కూచున్నాడు. దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చిన వాక్యాలన్నీ అలాగే మిగిలిపోయాయి. వాటిని పెట్టడానికి ఇక ఎక్కడా చోటు లేదు. లేచి, తువ్వాలు సరిగ్గా కప్పి, మెట్లు దిగాడు. పద్ధెనిమిది మెట్లు. మధ్యలో ఒకరు కూచుంటే ఇంకొకరు పట్టని ఇరుకు మెట్లు.

*

"ఆ ముసలాడు నా చెయ్యి ముట్టుకోనైనా లేదు!" అని శనివారం పొద్దున షెడ్డులో సంగతి వినగానే అరిచింది గుడ్రున్. "రెయిన్‌డీరా? ఈ ఏడాది ఆ వైపు ఒక్కటీ దిగలేదు! నేను ఇప్పుడే వెళ్తాను స్తూరె దగ్గరికి."

"వెళ్ళి?" అన్నాడు హల్వార్.

ఆమె కోటు ఒక చేతికి తొడుక్కుని ఆగిపోయింది. రెండో చెయ్యి గాల్లోనే ఉంది. కాసేపటికి ఆ చెయ్యి దిగింది. కోటు తీసి మళ్ళీ మేకుకి తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచింది.

"ఏం చెయ్యాలో చెప్పు," అంది.

"చక్రాలు దొర్లించు."

ముందు ఆమె కారు పని మొదలెట్టారు. హల్వార్ గొట్టం వాల్వు విప్పాడు. ఏడాదిగా అందులో ఉన్న గాలి సన్నగా, చాలాసేపు, కూతపెట్టినట్టు బయటికి వచ్చింది. అది ఆగేదాకా ఇద్దరూ నించున్నారు. తర్వాత రంపంతో మూత కోసి నాలుగు సెన్సార్లనీ బల్లమీద గుడ్డ పరిచి వరసగా పెట్టాడు. ఒక్కొక్క టైరునీ యంత్రం మీద నొక్కి, రిమ్ము అంచు నుంచి పక్కకి జరిపి, రబ్బరు వాల్వుని కోసి తీసేసి, ఆ రంధ్రంలోంచి సెన్సారు కాడని బయటికి లాగి మరబిళ్ళ బిగించాడు. గట్టిగా బిగిస్తే విరుగుతుంది, వదులుగా ఉంటే గాలి పోతుంది. చిన్న పానా టక్కుమనగానే ఆపాలి. గాలి కొడుతుంటే టైరు రెండు అంచులూ రిమ్ములోకి టప్, టప్ అని కూచునేవి. గుడ్రున్ ప్రతిసారీ ఉలిక్కిపడి, ప్రతిసారీ తిట్టేది. చివరి టైరుకి ఉలిక్కిపడలేదు, తిట్టడం మాత్రం తిట్టింది.

కుడి వెనక చక్రానికి కొత్త టైరు పడింది. ఇద్దరూ కార్లో ఎక్కి సరస్సు దాకా వెళ్ళి వచ్చారు. దార్లో కారు తన చక్రాల్ని తను విన్నది. పసుపు దీపం కాసేపు మిణుకుమని ఆరిపోయింది.

తర్వాత మిగతావాళ్ళకి హల్వార్ ఫోను చేశాడు. కారు తీసుకురా, పని ఉంది అని తప్ప ఇంకేమీ చెప్పలేదు. రిటైరయిన సీవ్ టీచరు అందరికంటే ముందు వచ్చి, గొట్టం తీసేస్తానంటే ఒప్పుకోలేదు.

"బాగానే ఉంది కదా? ఏడాదిగా ఒక్కసారి ఆ దీపం మొహం చూడలేదు. ఇప్పుడెందుకు కెలుకుతావు?"

"అందుకే," అన్నాడు హల్వార్.

"అందుకే అంటే?"

"అది వెలగాలి సీవ్. వెలగాల్సినప్పుడు వెలగాలి."

సీవ్ కళ్ళజోడు మీదుగా అతన్ని చూసింది, మూలన టైర్లు దొర్లిస్తున్న గుడ్రున్‌ని చూసింది. మంగళవారం సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. తాళంచెవి బల్లమీద పెట్టి, "అయితే నేను ఇక్కడే కూచుని అల్లుకుంటాను, నువ్వు సరిగ్గా చేస్తున్నావో లేదో చూస్తాను," అని మూల కుర్చీ ఆక్రమించింది. సోమవారం సాయంత్రానికి పదకొండు గొట్టాల ముక్కలూ షెడ్డు వెనక పోగుపడ్డాయి. హల్వార్ నడుము నిటారుగా నిలబడటం మానేసింది.

*

ఆ రాత్రే చలి దిగింది. మంగళవారం పొద్దున ఏడింటికి హల్వార్ షెడ్డు తలుపు తెరిచేసరికి మైనస్ ముప్ఫై ఒకటి. ఇంకా చీకటిగానే ఉంది. వాకిట్లో వరసగా ఎనిమిది కార్లు ఆగి ఉన్నాయి. ఎనిమిదింటి పొగగొట్టాల్లోంచీ తెల్లటి ఆవిరి నిటారుగా లేస్తోంది. ఎనిమిదింటి డాష్‌బోర్డుల మీదా పసుపు దీపం వెలుగుతోంది.

"ఇదా నువ్వు చేసిన బాగు?" యెర్కెర్ కిటికీ దించి అరిచాడు. అతను బడి పిల్లల బస్సు తోలతాడు. ఆ బస్సు దగ్గరికి ఈ కారులో వెళ్ళాలి. "శనివారం దాకా శుభ్రంగా ఉన్న బండి! చెయ్యి పెట్టావు, దీపం వెలిగింది!"

"చలికి గాలి ముడుచుకుంటుంది యెర్కెర్. నీకు మాత్రం ముడుచుకోదా?"

వెనక కార్లలోంచి నవ్వులు వినిపించాయి. సీవ్ టీచరు హారను కొట్టింది. "కబుర్లు తర్వాత. గాలి కొట్టు ముందు, నాకు కాళ్ళు తెలీడం లేదు."

హల్వార్ గాలి గొట్టం చుట్ట విప్పుతుంటే రోడ్డు మీంచి టాక్సీ దీపాలు లోపలికి తిరిగాయి. గుడ్రున్ కారు. వరస చివర ఆగింది. తొమ్మిదింటికల్లా ఎవర్ట్ ఆసుపత్రిలో డయాలిసిస్ మంచం మీద ఉండాలి. ముందు యెర్కెర్ బండి గేరు పడిన చప్పుడైంది, అతను మంచుగట్టుకి ఆనుకునేదాకా పక్కకి జరిగాడు. వెంటనే సీవ్ వెనక్కి తీసింది. ఒకటి తర్వాత ఒకటి ఎనిమిది కార్లూ కిర్రుమంటూ పక్కకి జరిగి మధ్యలో దారి వదిలాయి. గుడ్రున్ ఆ దారిలోంచి నెమ్మదిగా షెడ్డు తలుపు దాకా వచ్చింది.

ఎవర్ట్ ముందు సీట్లో కూచుని ఉన్నాడు. టోపీ చెవుల మీదికి లాగి ఉంది, బూట్ల తాళ్ళు రెండు ముళ్ళు వేసి కట్టి ఉన్నాయి.

హల్వార్ కిటికీ దగ్గరికి వంగాడు. "వెనక కదా కూచోవాల్సింది?"

"పట్నం ముందు బస్సుస్టాపు దగ్గర ఆపుతాను," అంది గుడ్రున్. "అక్కడ దిగి వెనక్కి మారతాడు. అక్కణ్ణుంచి స్తూరె రూలు. అక్కడిదాకా నా కారు." తర్వాత ముందుకి చూపించింది. "వెలిగింది చూడు. ఇంట్లోంచి బయల్దేరిన పది నిమిషాలకి."

ఎవర్ట్ కూడా ఆ దీపాన్నే చూస్తున్నాడు. చేతులు తొడల మీద పెట్టుకుని, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

"ఇప్పుడిది నిజమే చెబుతోందా?"

"నిజమే చెబుతోంది."

"ఏ చక్రమో చెప్పదా?"

"చెప్పదు. ఏదో ఒకటి తగ్గిందని మాత్రం చెబుతుంది. నాలుగూ చూసుకోవాలి."

"కుడి వెనకది," అన్నాడు ఎవర్ట్.

గుడ్రున్ అతని వైపు తిరిగింది. హల్వార్ కారు వెనక్కి నడిచి, కుడి వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూచున్నాడు. వాల్వు మూత చేతివేళ్ళకి అంటుకుపోయింది. గేజీ పెట్టి చూశాడు. ఎడమ వెనకది చూశాడు. ముందువి రెండూ చూశాడు. తిరిగి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నాలుగూ ఒకేలా ఉన్నాయి ఎవర్ట్. చలికి నాలుగూ కాస్త తగ్గాయి, అంతే."

"కుడి వెనకది బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

ఎవర్ట్ టోపీ సర్దుకున్నాడు. "అయితే నా పిరుదులకి ముసలితనం వచ్చింది," అన్నాడు. తర్వాత గుడ్రున్ వైపు తిరిగి, కాస్త గట్టిగా అన్నాడు: "అయినా చెప్పాను."

"చెప్పావు," అంది గుడ్రున్.

హల్వార్ గాలి గొట్టం లాక్కుని మొదటి చక్రం దగ్గర మళ్ళీ మోకాళ్ళ మీద కూచున్నాడు.